మన ఫుట్‌బాల్ క్లబ్బు అసలు ఎప్పుడు పుట్టింది? పాత కాగితాలు, ఫొటోలు ఉన్నవాళ్ళు ఇక్కడ రాయండి

సున్నంగీత (తిరుపతి):

అందరికీ నమస్కారం. మన క్లబ్బు చరిత్రని చిన్న పుస్తకంగా తెద్దామని కమిటీలో అనుకున్నాం, రాసే పని నాకు అప్పజెప్పారు. మొదటి పేజీలోనే చిక్కు వచ్చింది. లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం ఉంది, స్థాపన కూడా అదేనని ఇన్నేళ్ళూ టోర్నమెంటు పాంప్లెట్లలో వేసుకుంటూ వచ్చాం. పాత ఆటగాళ్ళని కదిలిస్తే మాత్రం ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. రిజిస్ట్రేషన్‌కి చాలా ముందు నుంచే ఇదే పేరుతో ఆడినాం, ఇదే రంగు బనీన్లు వేసుకున్నాం అంటున్నారు.

పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇల్లు మారినప్పుడల్లా, అటక దులిపినప్పుడల్లా పాత కాగితాలు పాత పేపర్లవాడికి పోతున్నాయి. కాబట్టి ఎవరి దగ్గర ఏముంటే అది, ఫొటో కానీ రసీదు కానీ గుర్తున్న ముక్క కానీ, ఇక్కడ రాయండి. బతికున్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు. వాళ్ళని అడిగాక పుస్తకంలో వేసుకుందాం.

పాతబూటు:

రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెప్తున్నా. అప్పట్లో 1860 నాటి సొసైటీల చట్టం ఉండేది, ఏడుగురు సంతకం పెడితే సొసైటీ అయినట్టే. (మన రాష్ట్రానికి 2001లో వేరే చట్టం వచ్చింది, అందులోనూ ఏడుగురే.) బయటి టోర్నమెంటుకి ఎంట్రీ పంపితే మీది రిజిస్టర్డ్ క్లబ్బేనా అని అడగడం మొదలుపెట్టారు, గ్రౌండు కోసం అర్జీ పెడితే అక్కడా అదే ప్రశ్న. అందుకని ఏడుగురం పోయి సంతకాలు పెట్టి వచ్చినాం. ఆ సాయంత్రం కూడా మామూలుగానే ప్రాక్టీసు చేసినాం, క్లబ్బు పెట్టినాం అని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే క్లబ్బు అప్పటికే ఉంది.

నేను చేరేటప్పటికి గోల్ పోస్టులు సరుగుడు కట్టెలు. పైన అడ్డకట్టె ఉండేది కాదు, తాడు కట్టేవాళ్ళం. బంతి తాడు పైనుంచి పోయిందా కింద నుంచి పోయిందా అని గొడవ వస్తే ఆట ఆగిపోయేది, గోల్ వెనకాల కూర్చున్న పెద్దాయన ఎవరైనా చెప్పిందే తీర్పు. బంతి తోలుది, లోపల రబ్బరు బ్లాడరు, పైన లేసు. సైకిల్ పంపుతో గాలి కొట్టి, బ్లాడరు గొట్టాన్ని మడిచి దారంతో బిగించి, తోలు కిందికి తోసి లేసు కట్టాలి. ఆ పని అందరికీ రాదు, వచ్చినవాడికి టీంలో చోటు ఖాయం. లేసు ఉన్న వైపు తలకి తగిలితే నుదురు చీరుకుపోయేది. వానలో ఆ తోలు నీళ్ళు పీల్చి ఎంత బరువెక్కేదంటే హాఫ్‌లైన్ దాటించడమే గొప్ప. రూల్ ప్రకారం బంతి 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండాలి కానీ అది మ్యాచ్ మొదలయ్యేటప్పటి లెక్క, తడిసినాక ఎవరు తూచినారు?

కుట్లు ఊడితే గాంధీ రోడ్డు చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. చెప్పుల పని పక్కన పెట్టి ముందు మా బంతి కుట్టేవాడు. మ్యాచ్ రోజు డబ్బులు తీసుకునేవాడు కాదు. పుస్తకంలో ప్రెసిడెంట్ల ఫొటోల కన్నా ముందు ఆయన పేరు రావాలని నా కోరిక.

పెనాల్టీ_బాక్స్:

సార్, చదువుతుంటే చాలా బాగుంది, ఇంకా రాయండి. నాదొక సలహా. ముందు గెలిచిన ట్రోఫీల పట్టిక ఒకటి తయారు చేసుకుంటే మిగతాది దాని చుట్టూ రాయొచ్చు కదా? ఏ సంవత్సరం, ఎక్కడ, ఫైనల్లో ఎవరి మీద, స్కోరు ఎంత. ఇప్పటి పిల్లలు చరిత్ర అనగానే అడిగేది అదే.

పాతబూటు:

పట్టిక వేసుకో నాయనా, వద్దనను. కానీ ఒక్క కప్పూ గెలవని ఏళ్ళల్లో కూడా పొద్దున ఐదున్నరకి వచ్చి గ్రౌండులో రాళ్ళు ఏరినవాళ్ళున్నారు, పట్టికలో వాళ్ళు ఎక్కడా కనపడరు. ఓడిపోయిన ఏళ్ళు కూడా రాయాలి.

కాట్పాడి_ప్యాసింజర్:

ఒక సంగతి అందరూ మర్చిపోతున్నారు. మన ఊరు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మళ్ళీ 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. అంటే మూడేళ్ళ తేడాలో మన ఆటగాళ్ళు మూడు రాష్ట్రాలకి చెందినవాళ్ళయ్యారు. అందుకే పాతవాళ్ళ మాటల్లో హైదరాబాద్ కన్నా మద్రాసు, వేలూరు, అరక్కోణం ఎక్కువగా వినిపిస్తాయి. మా నాయన చెప్పేవాడు, మ్యాచ్ అంటే పాకాల మీదుగా కాట్పాడి పోయే మీటర్ గేజ్ బండి ఎక్కడమే అని. కాట్పాడిలో దిగితే వేలూరు పక్కనే. అక్కడి టీములు బూట్లు వేసుకుని వచ్చేవట, మనవాళ్ళు చీలమండకి గుడ్డ చుట్టుకుని దిగేవాళ్ళట.

కాబట్టి పాత వార్తల కోసం తెలుగు పేపర్లు ఒక్కటే చూస్తే సరిపోదు, మద్రాసు నుంచి వచ్చిన ఇంగ్లీషు, తమిళ పేపర్లు కూడా వెతకాలి.

మెసానికల్_గ్రౌండ్ (చిత్తూరు):

తిరుపతి మిత్రులకి నమస్కారం. పుస్తకం వేస్తున్నందుకు సంతోషం. కానీ జిల్లాలో ఫుట్‌బాల్ గురించి రాస్తూ చిత్తూరుని ఒక లైనులో దాటేస్తే మేం ఊరుకోం. చిత్తూరు 1911లో జిల్లా కేంద్రం అయింది. కలెక్టరాఫీసు, కోర్టు, పోలీసు లైన్లు, అన్నీ ఇక్కడే. బదిలీ మీద వచ్చే ఉద్యోగుల్లో ఎవరో ఒకరు ఆట తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు, సాయంత్రం అయితే మెసానికల్ మైదానంలో చేరేవాళ్ళు. మా తాత తరం చెప్పేదేమంటే మీ క్లబ్బులో మొదటి ఆటగాళ్ళు కొందరు చిత్తూరులో ఆట నేర్చుకుని ఉద్యోగరీత్యా తిరుపతికి వచ్చినవాళ్ళే.

పాతబూటు:

చిత్తూరు గొప్పదనాన్ని కాదనను, ఆ మైదానంలో నేను తిన్న గోల్స్ నాకు గుర్తున్నాయి. కానీ మా క్లబ్బు చిత్తూరు నుంచి వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. మాది బడి గ్రౌండుల్లో పుట్టిన టీం. హైస్కూలు డ్రిల్ మాస్టర్లు మొదలుపెట్టినారు, స్కూలు అయిపోయినాక కూడా పిల్లలు రావడం ఆపలేదు. 1945లో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ వచ్చింది, 1954లో యూనివర్సిటీ వచ్చింది, అప్పటి నుంచి బయటి ఊళ్ళ కుర్రాళ్ళు హాస్టళ్ళలో దిగి మా వాళ్ళతో కలిసినారు. పీలేరు నుంచి, పుత్తూరు నుంచి, మదనపల్లె నుంచి వచ్చినవాళ్ళు. చదువు అయిపోయి వెళ్ళిపోయేవాళ్ళు, మళ్ళీ కొత్త బ్యాచ్ వచ్చేది. స్థిరంగా ఉన్నది ఊరి కుర్రాళ్ళు, రైల్వే వాళ్ళు.

మెసానికల్_గ్రౌండ్:

సరే అన్నా, మీ మాట మీరు రాయండి, మా పెద్దల మాట కూడా పక్కన వేయండి. చదివేవాళ్ళు చూసుకుంటారు. మా ఇంట్లో ఒక గ్రూప్ ఫొటో ఉంది, అందులో రెండు ఊళ్ళ టీములూ కలిసి ఉన్నాయి. వెనక ఏమీ రాయలేదు, అదే బాధ. వెతికి పెడతాను.

నాన్న_గ్లవ్స్:

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే కానీ రాయలేదు. మా నాన్నగారు మీ క్లబ్బు గోల్‌కీపర్. పాతబూటు గారికి తెలిసే ఉంటారు. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి దొరికింది. మొదట ఇంటి ఖర్చుల పుస్తకం అనుకుని పక్కన పెట్టాను, నిన్న మీ పోస్టు చూశాక మళ్ళీ తీశాను. మొదటి పేజీలో క్లబ్బు పేరు ఉంది. లోపల చందాలు, ఖర్చులు. బ్లాడరు కొన్నది, సున్నం కొన్నది, వేలూరు ఛార్జీలు, నిమ్మకాయలు, సోడాలు. రాసినది నాన్నగారు కాదు, చేతిరాత వేరు. ఆయనకి ఎవరో అప్పజెప్పి ఉంటారు.

తారీఖుల్లో రోజు, నెల ఉన్నాయి కానీ సంవత్సరం లేదు. లెక్కలు మాత్రం విచిత్రంగా ఉన్నాయి. ముందు సగం రూపాయలు, అణాలు, పైసలు మూడు గళ్ళు. మధ్యలో ఒక పేజీ నుంచి మూడో గడి కొట్టేసి రెండు గళ్ళు చేశారు, పైన "న.పై." అని రాశారు. దీన్నిబట్టి ఏమైనా తెలుస్తుందా?

లెక్కల_మాస్టారు:

అమ్మా, ఆ నోటుబుక్కు బంగారం. జాగ్రత్తగా ఉంచండి.

న.పై. అంటే నయా పైసలు. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకు ముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైసలు, అంటే రూపాయికి 192 పైసలు. ఆ తారీఖు నుంచి రూపాయికి 100 నయా పైసలు. పాత పైసతో తికమక పడకుండా ముందు "నయా" అని చేర్చారు, 1964 జూన్ 1న ఆ మాట తీసేశారు. కాబట్టి "న.పై." అని రాసిన పేజీలు ఆ ఏడేళ్ళలోనివి అయి ఉండాలి. మార్పు వచ్చాక కూడా జనం కొన్నాళ్ళు అణాల్లోనే మాట్లాడుకున్నారు, మా అమ్మ పావలాని నాలుగణాలు అనడం చివరిదాకా మానలేదు. అయినా చందాల పుస్తకం రాసే మనిషి మరీ ఏళ్ళ తరబడి పాత లెక్కలో రాయడు కదా. అణాల పేజీలు ఎన్ని ఉన్నాయో, వాటిల్లో వేసవి, సంక్రాంతి ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. ఆ లెక్కన వెనక్కి పోతే మొదటి పేజీ ఏ సంవత్సరానిదో దాదాపుగా పట్టుకోవచ్చు.

అంటే రిజిస్ట్రేషన్‌కి చాలా ముందే క్లబ్బుకి పేరు ఉంది, చందా ఉంది, లెక్క రాసే మనిషి ఉన్నాడు. నా దృష్టిలో క్లబ్బు అంటే అదే.

సున్నంగీత:

మేడమ్, చదివి రెండు నిమిషాలు మాట రాలేదు. ఆ పుస్తకం మాకు ఇవ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉండనివ్వండి, పేజీలు ఫొటో తీసుకుంటే చాలు. ఇంకో మాట. 1950లలోదని ఒక పాత లెటర్‌హెడ్ ఒకాయన ఇచ్చారు, అందులో అడ్రసు చివర తిరుపతి 517501 అని ఉంది. ఇది కూడా నోటుబుక్కు కాలం నాటిదే అనుకోవచ్చా?

లెక్కల_మాస్టారు:

కాదు. పిన్ కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. 517501 అని అచ్చు వేసి ఉంటే ఆ లెటర్‌హెడ్ దాని తర్వాతదే. ఇచ్చినాయన అబద్ధం చెప్పారని కాదు, ఆయన మనసులో అవన్నీ ఒకే కాలం. అలాగే అడ్రసులో మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953కి ముందుది. జిల్లా పేరు కూడా చూడండి, తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న, అంతకు ముందు కాగితం ఏదైనా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫైలు కోసం పోయేవాళ్ళు కూడా ఒక్క ఊళ్ళో దొరకలేదని వదలొద్దు, తిరుపతి, చిత్తూరు రెండు చోట్లా అడిగి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మొదటి ఏడుగురి పేర్లు, వృత్తులు, చిరునామాలు అందులో ఉంటాయి.

పెనాల్టీ_బాక్స్:

ఇది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ప్రపంచంలో ఇప్పటికీ ఆడుతున్న అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ క్లబ్బు ఇంగ్లండులోని షెఫీల్డ్ ఎఫ్.సి., 1857లో పెట్టారు. నేథనియెల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ అని ఇద్దరు మొదలుపెట్టారు, మరుసటి ఏడు వాళ్ళ సొంత రూల్సు రాసుకున్నారు. అది మాంచెస్టర్ యునైటెడ్ లాంటి క్లబ్బు కాదు, ఇప్పటికీ కింది లీగుల్లో ఆడే చిన్న క్లబ్బు. కానీ చేతిరాత రూల్సు, మినిట్స్ పుస్తకాలు దాచుకున్నారు. 2011లో సోథబీస్ వేలంలో ఆ కాగితాలకి 8,81,250 పౌండ్లు వచ్చాయి, అప్పటి లెక్కలో మన ఆరు కోట్ల రూపాయల పైమాటే. కాగితం ఉంది కాబట్టే 1857 అంటే ఎవరూ కాదనలేదు.

చిత్తూరు, తిరుపతి గొడవ లాంటిది వాళ్ళకీ ఉంది. పక్కనే హాలం అనే క్లబ్బు 1860లో వచ్చింది, ఆ ఏడు డిసెంబరు 26న శాండీగేట్ గ్రౌండులో రెండు క్లబ్బులూ ఆడాయి. ఆ గ్రౌండు ఇప్పటికీ వాడుతున్నారు.

కపిలతీర్థం_రోడ్డు:

గ్రౌండు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. పుస్తకంలో అందరికన్నా పెద్ద అధ్యాయం గ్రౌండుదే అవ్వాలి. షెఫీల్డ్ వాళ్ళ కథలో తమ్ముడు రాయనిది ఇంకోటుంది, ఆ క్లబ్బు 2001 నుంచి సొంత ఊళ్ళో కాకుండా పక్కనున్న డ్రాన్‌ఫీల్డ్‌లో ఆడుతోంది. అంత చరిత్ర ఉన్నవాళ్ళకే అట్లా ఉంటే మన సంగతి ఎవరికి పట్టింది?

ఫుట్‌బాల్ గ్రౌండు అంటే పొడవు వంద మీటర్లకి అటూ ఇటూ ఉండాలి, గోల్ 8 గజాల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. నా చిన్నప్పుడు ఊళ్ళో ఖాళీ జాగాలకి కరువు లేదు. 1983 ప్రపంచకప్ తర్వాత క్రికెట్ పిచ్‌లు మన సెంటర్ సర్కిల్ మీద పడ్డాయి. క్రికెట్ పిల్లల్ని తప్పు పట్టను, వాళ్ళకీ చోటు కావాలి. ఆ తర్వాత ఎగ్జిబిషన్లు, మీటింగులు. ఇందిరా మైదానంలో కానీ ఇంకెక్కడ కానీ షామియానా గుంజలు పీకేశాక గుంతలు పూడ్చే నాథుడు ఉండడు, మళ్ళీ మనవాళ్ళే మట్టి మోసి పూడ్చుకునేవాళ్ళు. ఒక విద్యాసంస్థ వాళ్ళ గ్రౌండులో చాలా ఏళ్ళు ఆడుకున్నాం, ఒకరోజు పొద్దున పోయేసరికి గేటుకి తాళం, లోపల బస్సులు. ముందు ఒక మాట చెప్పలేదు. ఆ సీజన్లో ముగ్గురు నలుగురు మంచి ఆటగాళ్ళు ఆటే మానేసినారు, వాళ్ళు మళ్ళీ రాలేదు. టీం ఏ మ్యాచ్‌లోనో ఓడిపోయి దెబ్బ తినలేదు, ఆ తాళం దగ్గర దెబ్బ తినింది. ఇది పుస్తకంలో రావాలి.

సున్నంగీత:

అన్నా, అది రాద్దాం. సంస్థ పేరు మాత్రం వద్దు, రేపు ఎవరి దగ్గర గ్రౌండు అడగాల్సి వస్తుందో తెలియదు.

కపిలతీర్థం_రోడ్డు:

పేరు వద్దులే. తాళం మాట ఉంటే చాలు.

రేణిగుంట_జంక్షన్:

రైల్వే వాళ్ళ గురించి పాతబూటు సార్ ఒక ముక్కలో తేల్చేశారు, నేను కొంచెం కలుపుతా. మాది రైల్వే కుటుంబం. రేణిగుంట క్వార్టర్స్‌లో ఆటగాళ్ళు లేని వరస లేదు ఒకప్పుడు. డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా మ్యాచ్‌కి వచ్చేవాళ్ళు, నైట్ డ్యూటీ మార్చుకోవడానికి ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్ళు. గుంతకల్ డివిజన్ ముందు దక్షిణ రైల్వేలో ఉండేది, 1977లో దక్షిణ మధ్య రైల్వేకి మార్చినారు. అంతకు ముందు బదిలీ అంటే అరక్కోణం, జోలార్‌పేట వైపు మాటలు వినిపించేవి, అక్కడి ఆటగాళ్ళు మా క్వార్టర్స్‌కి వచ్చేవాళ్ళు, తమిళం మాట్లాడే లెఫ్ట్ ఔట్, తెలుగు మాట్లాడే సెంటర్ ఫార్వర్డ్, ఇద్దరికీ గ్రౌండులో భాష అవసరం పడేది కాదు. తర్వాత ఆ రాకపోకలు తగ్గాయని మా పెదనాన్న అనేవాడు. టీం ఆట తీరు కూడా మారిందని ఆయన లెక్క. పాతబూటు సార్ దీనికి ఏమంటారో?

పాతబూటు:

మీ పెదనాన్న చెప్పింది నిజమే. మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళు బంతిని దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేసేవాళ్ళు, చూడముచ్చటగా ఉండేది. మా డ్రిల్ మాస్టారుకి అది నచ్చేది కాదు. ఆయన రహీం సాబ్ భక్తుడు. ఇప్పటి పిల్లలకి తెలియాలి కాబట్టి రాస్తున్నా. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో స్కూల్ టీచరు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. పోలీసు ఉద్యోగం చేసుకుంటూ ఆడినవాళ్ళు వాళ్ళు. ఆయన కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, ఆస్ట్రేలియాని 4-2తో కొట్టినాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. అప్పటికే ఆయనకి క్యాన్సర్, 1963లో పోయినారు. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ రెండు టీముల్లోనూ ఉన్నాడు.

మా మాస్టారు రహీం సాబ్ పేరు ఎత్తకుండా ప్రాక్టీసు మొదలుపెట్టేవారు కాదు. బంతి కాలి దగ్గర ఉంచుకుంటే అరిచేవారు. "నువ్వు పరిగెత్తితే అలిసిపోతావు, బంతిని పరిగెత్తించు, దానికి ఆయాసం లేదు" అనేవారు. రెండు టచ్‌లకి మించి పట్టుకుంటే గ్రౌండు చుట్టూ రౌండు. బూట్ల విషయంలోనూ ఆయనదే పట్టుదల. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినారు, దాని తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి చేసినారు. మన ఊళ్ళో ఆ రూలు అమలు కావడానికి చాలా కాలం పట్టింది, డబ్బులేవి? మాస్టారు జీతంలో నుంచి ఏటా ఇద్దరికి బూట్లు కొనిచ్చేవారు. నా మొదటి జత ఆయన ఇచ్చిందే, అందుకే ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నా.

నాన్న_గ్లవ్స్:

సార్, నోటుబుక్కులో ఒకచోట "మాస్టారు గారి బూట్లు, క్లబ్బు లెక్కలో రాయవద్దు అన్నారు" అని ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది.

పాతబూటు:

అమ్మా, ఆ పేజీ ఫొటో నాకు పంపు. మీ నాయన చేతుల్లోకి బంతి పోతే మాకు ధైర్యంగా ఉండేది. బ్యాక్‌పాస్ ఇచ్చి ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

పెనాల్టీ_బాక్స్:

ఈ బ్యాక్‌పాస్ మాట భలే పనికొస్తుంది సార్. సొంత ఆటగాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదన్న రూలు 1992లో వచ్చింది. ఒక పెద్దాయన తన ఫైనల్ కథ చెప్తూ చివరి పది నిమిషాలు కీపర్‌కి ఇస్తూ తీసుకుంటూ టైం గడిపాం అన్నారు, 1995 అని కూడా అన్నారు. అయితే అది 92కి ముందు మ్యాచ్ అయినా కావాలి, లేకపోతే మన దగ్గర రూలు ఆలస్యంగా వచ్చి అయినా ఉండాలి. అలాగే పసుపు, ఎర్ర కార్డులు ప్రపంచకప్‌లో మొదట వాడింది 1970లో. నలుపు తెలుపు బంతి కూడా అదే మెక్సికో ప్రపంచకప్‌తో లోకమంతా పాకింది. కాబట్టి ఫొటోలో మనుషులకన్నా ముందు కాళ్ళ దగ్గర బంతి చూడాలి.

మెసానికల్_గ్రౌండ్:

అయితే మా ఫొటో విషయం చెప్తా, దొరికింది. ముందు వరసలో కింద కూర్చున్న కుర్రాడి ఒళ్ళో లేసు బంతి ఉంది. సగం మందికి బూట్లు లేవు. మధ్యలో కుర్చీ మీద ఒక షీల్డు ఉంది, దాని చుట్టూ చిన్న చిన్న వెండి బిళ్ళలు. అది రోలింగ్ షీల్డు, గెలిచిన టీం పేరు, సంవత్సరం ఏటా ఒక బిళ్ళ మీద చెక్కించేవాళ్ళు. ఫొటోలో అక్షరాలు కనపడటం లేదు కానీ ఆ షీల్డు ఎవరింట్లోనో ఉండాలి. వరసగా మూడుసార్లు గెలిస్తే సొంతం అయ్యేదని విన్నా. దొరికితే తిరుపతిదా చిత్తూరుదా అన్న మన గొడవకి కూడా సాక్ష్యం దొరికినట్టే. నేను ఇక్కడ పాత ఆటగాళ్ళ ఇళ్ళల్లో అడుగుతా, మీరు అక్కడ అడగండి.

లెక్కల_మాస్టారు:

బిళ్ళలు నల్లబడి ఉంటే రుద్ది తోమొద్దు. పక్క నుంచి టార్చి వెలుతురు పడేట్టు పెట్టి ఫొటో తీస్తే చెక్కిన అక్షరాల నీడ కనపడుతుంది.

నాన్న_గ్లవ్స్:

ఒక కోరిక. మా పాప ఇప్పుడు మీ గ్రౌండులోనే ప్రాక్టీసుకి వస్తోంది, తనతో పాటు ఇంకొందరు ఆడపిల్లలు. 2022లో అండర్ 17 ఆడపిల్లల ప్రపంచకప్ మన దేశంలో జరిగినప్పుడు టీవీలో చూసి పట్టుబట్టింది. నాన్నగారి రోజుల్లో నేను గోల్ వెనకాల నిలబడి బంతి తెచ్చిచ్చేదాన్ని, ఆడతానని అడిగే ఆలోచన కూడా రాలేదు, ఎవరూ రమ్మని అనలేదు. పుస్తకం చివర్లో ఈ పిల్లల ఫొటో, పేర్లు వేస్తే బాగుంటుంది, ఇళ్ళల్లో అనుమతి నేను తీసుకుంటాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకొకరు చరిత్ర రాస్తే ఆడపిల్లలు ఎప్పుడు మొదలుపెట్టారో వెతుక్కునే పని ఉండకూడదు.

సున్నంగీత:

తప్పకుండా మేడమ్. చివర్లో కాదు, ప్రాక్టీసు గురించి రాసే అధ్యాయంలోనే వేస్తాం, వాళ్ళు మన ఆటగాళ్ళు.

ఇప్పటిదాకా తేలింది నాకు అర్థమైనంతలో రాస్తున్నా, అభ్యంతరం ఉంటే చెప్పండి. స్థాపన అని ఒక్క సంవత్సరం వేయను. రిజిస్ట్రేషన్ సంవత్సరం రిజిస్ట్రేషన్‌దే అని రాసి, 1957 ఏప్రిల్‌కి ముందే క్లబ్బుకి పేరు, చందా పుస్తకం ఉన్నాయని నోటుబుక్కు పేజీ ఫొటోతో సహా వేస్తాను. చిత్తూరు పెద్దల మాట, తిరుపతి పెద్దల మాట రెండూ ఎవరు చెప్పారో చెప్పి రాస్తాను.

కాట్పాడి_ప్యాసింజర్:

నాకు సమ్మతమే. పేపర్ల పని నేను చూస్తా, వచ్చే నెల మద్రాసు పోతున్నా. నోటుబుక్కులో వేలూరు ఛార్జీలు రాసిన తారీఖులు నాకు ఇస్తే ఏ రోజు పేపరు తిరగేయాలో తెలుస్తుంది.

పాతబూటు:

చెప్పులు కుట్టే పెద్దాయన పేరు మర్చిపోవద్దు. నాకు ఇంటిపేరు తెలియదు, అందరం పిలిచే పేరే తెలుసు. వాళ్ళవాళ్ళు కొర్లగుంటలో ఉండేవాళ్ళు. ఆ వైపు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రేణిగుంట_జంక్షన్:

మా అత్తగారిల్లు కొర్లగుంటే సార్. ఆ వీధిలో పాతకాపులు ఇంకా ఉన్నారు. ఈ వారంలో కనుక్కుని రాస్తా, మీరు పిలిచే పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

సున్నంగీత:

వచ్చే ఆదివారం పొద్దున ప్రాక్టీసు అయ్యాక గ్రౌండు దగ్గరే కూర్చుందాం. స్కానర్, ల్యాప్‌టాప్ నేను తెస్తాను. ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి. లామినేషన్ చేయించొద్దు, చిరిగినచోట టేపు అంటించొద్దు, ఫొటో వెనక పెన్నుతో రాయొద్దు, పెన్సిల్‌తో మెల్లగా రాయండి. ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోలు పీకితే ముఖాలు ఊడిపోతాయి, ఆల్బంతో సహా పట్టుకురండి, అట్లాగే స్కాన్ చేసి అక్కడికక్కడే మీ చేతికి ఇచ్చేస్తాం.